కట్టె ఎత్తినవాడి నేరం

ధర్మవరం రోడ్డు మీద చట్టం తన పని తాను చేసుకుపోయిందని సవినయంగా మనవి.

కుళ్ళాయప్పది ముదిగుబ్బ దగ్గర పల్లె. ఒక పొద్దున అతను గొర్రెలను రోడ్డు దాటిస్తుంటే లక్ష్మీకాంత్ గారి కారు ఆగవలసి వచ్చింది. వారు మండల నాయకులు. ఆగడం అలవాటు లేదు. దిగి, ఒక్క మాటైనా అనకుండా, కుళ్ళాయప్ప ఎడమ చెంప మీద ఒక్కటిచ్చి వెళ్ళిపోయారు. ఇంత క్లుప్తంగా పని ముగించే నాయకులు ఈ రోజుల్లో అరుదు. టీ కొట్టు ముందున్న జనమంతా చూశారు. కొందరు ఫోనులో తీశారు కూడా.

చెవిలో హోరు ఆగకపోతే హిందూపురం డాక్టరుకు చూపించారు. కర్ణభేరి చిరిగిందన్నాడాయన. భార్య వెంకటమ్మ మొగుణ్ణి నేరుగా పోలీసు స్టేషనుకు తీసుకుపోయింది. అక్కడి రైటరు బసవరాజు మర్యాదస్తుడు. కుర్చీ చూపించాడు, కూర్చోమనలేదు.

"కొట్టకముందు భయపడినావా?" అని కుళ్ళాయప్పను అడిగాడు.

"లేదు సార్. దారి అడిగేకి దిగినాడనుకుంటి."

"అట్లయితే దౌర్జన్యం కాదప్పా. కొడతాడేమోనని భయం పుట్టిస్తేనే దౌర్జన్యం. నువ్వు భయపడనే లేదే."

"మరి కొట్టిందో?" అంది వెంకటమ్మ.

"అది వేరే సెక్షను. ఆయప్పను పిలిచి అడగాల. ఆయనకు తీరికుండల్ల."

ఇంతలో లక్ష్మీకాంత్ గారి ఫిర్యాదు రానే వచ్చింది. గొర్రెలను మళ్ళించడానికి కుళ్ళాయప్ప కట్టె ఎత్తాడట. అది చూసి వారికి గుండె దడ పుట్టిందట. భయం పుట్టింది కాబట్టి దౌర్జన్యం నిండుగా జరిగినట్టే. కేసు అప్పటికప్పుడే నమోదైంది. కట్టె జప్తయింది. కొట్టిన చేతిని జప్తు చేసే వీలు చట్టంలో లేదు.

"కట్టె లేకుండా గొర్రెల్ని యెట్ల తోలేది సార్?"

"చట్టానికి లోబడి తోలు."

కొన్నాళ్ళకు పెనుకొండలో చట్టబద్ధ పాలన మీద అవగాహన సదస్సు పెట్టారు. ముఖ్య అతిథి లక్ష్మీకాంత్ గారే. వచ్చి రాజీపడితే కట్టె కేసు తేలిపోతుందని బసవరాజు కబురు పంపాడు. మొగుడూ పెళ్ళాం వెళ్ళారు. టీ కొట్టు దగ్గరి జనమూ వచ్చారు, నాయకుల వారి బండ్లలోనే.

"చట్టం ముందు గొర్రెల కాపరి, నాయకుడు ఒక్కటే. ఇద్దరిలో ఎవరు కట్టె ఎత్తినా నేరమే" అని వారు ప్రసంగించారు. చప్పట్లు చాలాసేపు మోగాయి.

తర్వాత రాజీ కోసం కుళ్ళాయప్పను వేదిక మీదికి పిలిచారు. అతను లేవబోయాడు. వెంకటమ్మ అతని భుజం పట్టి కూర్చోబెట్టి, తనే లేచింది.

"నా మొగుణ్ణి కొట్టింది మీలో శానామంది చూసినారు. ఆపొద్దు ఆడుండిన మొగాలే నాకు ఈడ కనపడతాండాయి. ఒక్కరు లేసి, చూసినామని చెప్పండి. సాలు."

ఎవరూ కదలలేదు. వీడియో తీసినవాళ్ళు ఫోన్లు జేబుల్లో పెట్టుకున్నారు. ఆ నిశ్శబ్దానికి కుళ్ళాయప్ప తన రెండో చెవీ పోయిందేమోనని కంగారుపడ్డాడు.

అంతలో, వెనక పందిట్లో భోజనాలు సిద్ధమని మైకులో చెప్పారు.

అప్పుడు లేచారు, అందరూ ఒక్కసారిగా.