పెంకు కింద ఏముంది

మా ఆవిడ కల్పలత చెవి ఆపరేషన్లు నేర్చుకుంటోంది. నేను రెజిమెంటల్ బజార్‌లో కర్టెన్ గుడ్డలు అమ్ముతాను. మా ఇద్దరి మధ్యా నలిగిపోయినవి కోడిగుడ్లు.

చెవి వెనక ఎముక తొలిచే పరీక్షకు మనిషిని ఇవ్వరట, ప్లాస్టిక్ ఎముక ఇస్తారట. డాక్టర్ ప్రేమమణి పక్కనే నిలబడి, చెయ్యి వణికిందా, లోపలి నరానికి డ్రిల్లు తగిలిందా అని చూసి మార్కులు వేస్తారు. ఫెయిలైతే థియేటర్లో డ్రిల్లు ముట్టనివ్వరు. అందుకని ఇంట్లో గుడ్డు మీద సాధన. పెంకు మాత్రమే అరగాలి, దాని కింది పల్చటి పొర చిరగకూడదు.

పొర చిరుగుతూనే ఉంది. వంటగదంతా సొన. ఆమ్లెట్లు తిని తిని నాకు కోడికూత వచ్చేలా ఉంది. పరీక్ష ముందురోజు తను డ్రిల్లు పక్కన పెట్టేసి, "నాతోని కాదు, రేపు పోను" అంది. నాకు మనసు చివుక్కుమంది. నన్ను తిట్టే ఓపిక కూడా తనలో కనపడలేదు.

తను స్నానానికి వెళ్లగానే ఉన్న గుడ్లన్నీ ఉడకబెట్టి, చల్లార్చి, మళ్లీ ఫ్రిజ్‌లో సర్దేశాను. తను రాగానే ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. ఆ తర్వాత ఒక్క గుడ్డూ కారలేదు. జెర చెయ్యి తిరిగినట్టుందే అని తను మురిసిపోతే, నేను ముందే చెప్పలేదా అని ప్రొఫెసర్‌లా తలాడించాను.

మర్నాడు తనే నా టిఫిన్ డబ్బా కట్టింది. అన్నం, పప్పు, పెంకు తీయని గుడ్లు. పరీక్ష రోజున అంత ప్రేమ చూస్తే ఎవరికైనా అనుమానం రావాలి. నాకు రాలేదు.

మధ్యాహ్నం షాపులో, పుష్పమ్మగారు పెళ్లింటికని ఎంచుకున్న తెల్ల కర్టెన్ పక్కనే, బల్ల అంచుకేసి గుడ్డు టక్కున కొట్టాను. సొనంతా కర్టెన్ మీద పడింది. ఆవిడ నిదానంగా చూసి, పసుపు డిజైన్ వద్దని చెప్పిన గదా నాయనా అన్నారు.

వెంటనే ఫోన్ చేశాను. కల్పలత నవ్వుతూ ఎత్తింది. పాసైందట. ప్రేమమణిగారు చెయ్యి మెచ్చుకున్నారట. మరి గుడ్ల సంగతేమిటని అడిగాను.

"మొదటి గుడ్డుకే తెలిసింది. డ్రిల్లు ఆనించంగనే లోపల గట్టిగున్నట్టు చేతికి తెలిసింది. గంత తెలుస్తుంటే ఇంక భయమెందుకు అనుకున్న. పొద్దున పచ్చివి తెచ్చి నీ డబ్బల పెట్టిన."

నాకు కళ్లు చెమర్చాయి. అయితే పాస్ చేయించింది నేనేగా అన్నాను.

"నువ్వు ఫెయిల్. లోపల ఏమున్నదో చూసుకోకుండ పగలగొట్టినవ్."

ఆ కర్టెన్ ఇప్పుడు మా హాల్లో వేలాడుతోంది. మరక కనపడకుండా నేను గోడవైపు తిప్పి పెడతాను. చుట్టాలు వచ్చినప్పుడల్లా తను మళ్లీ ఇటు తిప్పుతుంది.