కడిగేసిన పాకం కుండ

పాకం కుండ కడిగేసి ఇంటి పరువు తీసింది మరదలు హత్సుయో. ఇందులో గెన్‌పాచికి అనుమానమేమీ లేదు. పాముచేపల్ని ముంచి కాల్చే ఆ సోయా పాకం వాళ్ళమ్మ కాలం నాటిది. తరిగినంత కొత్తది పోస్తూ రావడమే తప్ప, కుండ ఖాళీ చేయడం ఆ ఇంట్లో ఎరగరు. భార్య పోయాక మరగబెట్టే దిక్కులేక అది బూజు పట్టింది. వంటసాయానికి ముందురోజే వచ్చిన హత్సుయో మూత తీసి చూసి, తూములో పారబోసింది.

తెల్లవారితే భార్య వర్ధంతి. మధ్యాహ్నానికి గుడి గురువు, చుట్టాలు వస్తారు. అమ్మ పాకం లేని చేపలు వాళ్ళకెలా పెట్టడం? మర్నాడు పొద్దున హత్సుయో పూలకోసం వెళ్ళగానే గెన్‌పాచి పొయ్యి ముట్టించాడు. సోయా, తియ్యటి సారా, చక్కెర కలిపి పెట్టాడు. పల్చగా, ఎర్రగా ఉంది. ఏళ్ళ తరబడి పట్టిన నలుపు ఒక్క పూటలో రావాలంటే మంట పెంచాలి. పెంచాడు.

నలుపు వచ్చింది, వెనకే పొగా వచ్చింది. కిటికీ తెరిచాడు. ఆ పొగ చూసి పక్కింటి ముసలమ్మ నిప్పుగంట కొట్టింది. ఊరి అగ్నిమాపక జట్టు గొట్టం మోసుకుని పరుగున వచ్చింది. ఒకప్పుడు దానికి నాయకుడు గెన్‌పాచే.

"నిప్పెక్కడ మామా?" అన్నాడు ముందున్న మంగలి.

"నిప్పు లేదు. పాకం."

"పొయ్యి వదిలి పక్కకెళ్తే మా చెవులు మెలేసేవాడివిగా నువ్వు?"

"పక్కకెళ్ళలేదు. దగ్గరే ఉండి మాడ్చాను."

ఉత్తపుణ్యానికి జట్టును రప్పించిన ఇంటివాడు సారా పోసి, తిండి పెట్టి పంపాలి. ఆ కట్టుబాటు పెట్టిందీ గెన్‌పాచే. జట్టు బూట్లు విప్పి లోపలికొచ్చి కూర్చుంది. అంతలో గురువు వచ్చాడు, చుట్టాలు వచ్చారు, పూలతో హత్సుయో వచ్చింది. మాడిన గిన్నె చూసి, పక్కకు తీసింది. ఇంకో గిన్నె పెట్టి, సన్నని మంట మీద పాకం కాచి, చేపలు కాల్చి వడ్డించింది.

"అచ్చం మీ అమ్మగారి చెయ్యే మామా," అన్నాడు మంగలి.

గెన్‌పాచి రుచి చూశాడు. అదే పాకం.

"పాతది కొంచెం దాచావా?"

"ఎక్కడిది బావా? మీ అమ్మగారిది, అక్క కాపురానికొచ్చిన మొదటి వేసవికే బూజు పట్టింది. అక్క పారబోసి కొత్తది కాచింది. ఆపైన ఏటేటా అంతే. నాకూ నేర్పింది."

"నాతో ఒక్క ముక్క చెప్పలేదే?"

"చెప్పబోయిందట. ఈలోపే మీరు నాకి చూసి, 'అమ్మ పాకం అమ్మదే, ఈ రుచి నీ చేతికి రాదు' అన్నారట. ఇంకేం చెప్తుంది?"

జట్టంతా తల వంచుకుని పళ్ళాల్లోకి చూసింది. గురువుకు దగ్గొచ్చింది. గెన్‌పాచి ఒక ముక్క తీసుకెళ్ళి భార్య పటం ముందు పెట్టాడు. తిరిగొచ్చి కూర్చుని, మారు వడ్డించమని మరదలికి పళ్ళెం చాచాడు.

"కుండ కడిగింది మాత్రం నువ్వే," అన్నాడు. "ఇక ఆ సంగతి నేను మాట్లాడను."