ఉసిరి చెట్టెనుక బొక్కలు

ఆ బేస్తవారం పొద్దున రుచిత అనుకున్నది చిన్న పని. ఝరాసంగంల షేర్ ఆటో ఎక్కాలె, జహీరాబాద్‌ల దిగాలె, ఊరి బయట కొత్తగ పెట్టిన మ్యూజియం, దాని ఎనుక మొక్కల తోట చూడాలె. ఇన్‌చార్జి సారుతోని ఫారం మీద సంతకం పెట్టించి, ముద్ర ఏయించి, నాలుగు గంటల లోపట కాలేజీల ఇయ్యాలె. ఇస్తే వరంగల్ టూరుకు పోయే పదిమందిల తన పేరుంటది. ఇయ్యకపోతే ఆ జాగల నందిని పోతది. రుచితకు వరంగల్ మీద గంత మోజేం లేదు. నందిని పోవద్దు, గంతే.

మ్యూజియంల అడుగు పెట్టంగనే ఒక దెబ్బ తగిలింది. అద్దాల పెట్టెల ఇసుర్రాయి పెట్టి, "మన పూర్వీకులు వాడిన పరికరం" అని కాయితం అంటించిన్రు. తెల్లారంగ గసొంటి ఇసుర్రాయి మీదనే నానమ్మ నర్సమ్మ కందులు ఇసురుకుంట, ఇంకెంతసేపు పంటవే అని రుచితను లేపింది. పూర్వీకురాలు ఇప్పుడు ఇంట్ల ఛాయ్ తాగుతుంటది.

ఇన్‌చార్జి విష్ణువర్ధన్ సారు లేడు. పాలకొల్లు దిక్కు మనిషి, జహీరాబాద్‌కు వచ్చి మూడు వారాలాయె. సంగారెడ్డిల మీటింగున్నదట. వాచ్‌మన్ రేవణసిద్ధప్ప తాత కుర్చీల కూసొని కునుకు తీస్తున్నోడు, ఒక కన్ను తెరిచి సారు ఫోన్ నంబర్ ఇచ్చి, మళ్ల మూసిండు. రుచిత తోటలకు పోయి ఫోన్ చేసింది. సారు మర్యాదగనే మాట్లాడిండు. రెండున్నరకల్లా వస్తనన్నడు, అప్పటిదాక మొక్కల పేర్లు రాసుకొమ్మన్నడు. తర్వాత గొంతు తగ్గించిండు.

"చూడమ్మా, ఆ ఉసిరి చెట్టు వెనక్కి మాత్రం వెళ్లకు. అక్కడ బొక్కలున్నాయి. నాలుగైదు, పెద్దవే. మొన్ననే చూసి గోనెసంచులు కప్పాను. ఎవరితోనూ అనకు, పైవాళ్లకి తెలిస్తే నా ఉద్యోగానికి ముప్పు. రేపు నేనే మట్టేసి పూడ్చేస్తాను."

రుచిత కాళ్లు ఆడనే నాటుకున్నయ్. తోటల ఇంకో మొక్క మొలిచినట్టయింది, పేరు రాసిన రేకొక్కటే తక్కువ. బొక్కలు. పెద్దయి. చెప్పద్దట, పూడుస్తడట. గింత మెల్లగ, అమ్మా అనుకుంట మాట్లాడే మనిషి ఎవర్నో సంపి సంచుల కింద పెట్టిండు. పోలీసులకు చెప్తే సారు జైలుకు పోతడు. జైలుకు పోయినోని సంతకం చెల్లుతదా? పిల్ల మంచిగ ఆలోచన చేసింది. ముందుగాల సంతకం తీసుకోవాలె, తర్వాత ఖూనీ సంగతి చెప్పాలె.

కాని కడుపుల మాట ఆగలే. పోయి తాతను లేపి, సారు మంచోడేనా అని అడిగింది. ఎందుకడిగినవ్ బిడ్డా అన్నడు తాత. ఇగ చెప్పక తప్పలే. తాత రెండు కండ్లు తెరిచిండు. మూడు వారాలల్ల అదే మొదటిసారి. గేటుకాడ ఛాయ్ బండి సంగమ్మకు, ఎవ్వలకు చెప్పకు అని చెప్పిండు. సంగమ్మ సుత గదే మాట పెట్టి ఛాయ్ తాగెటోళ్లందరికి చెప్పింది. ఉసిరి చెట్టు కింద నాలుగు బొక్కలు బస్టాండ్ చేరేటాలకు నలుగురు మనుషులైన్రు.

పెద్ద బొక్కలంటే అండ్ల ఒకడన్న ఎత్తు మనిషి ఉంటడని జనం లెక్క తీసిన్రు. ఊర్ల కనబడకుంట పోయిన ఆరడుగులోడు ఒక్కడే, జగదీశ్. అల్లం విత్తనం తెస్తనని ఆరేండ్ల కింద న్యాల్‌కల్ పోయిండు, గంతే సంగతి. వాని పెండ్లాం శ్యామల ఒంటిగంటకే వచ్చి గేటుకాడ కూలవడ్డది. తిట్టి పంపితినే అనుకుంట ఆమె ఏడుస్తుంటే, రుచితకు సుత ఏడుపొచ్చింది. ఏడ్చుకుంటనే టైము చూసుకున్నది.

ఎస్సై ఇంద్రసేన వచ్చి, సంగారెడ్డి నుంచి టీం వచ్చేదాక సంచులను ఎవ్వలు ముట్టద్దని తాడు కట్టించిండు. రెండున్నరకు విష్ణువర్ధన్ సారు ఆటో దిగిండు. తన మ్యూజియం ముంగట గంతమందిని చూసి మురిసిపోయి చెయ్యి ఊపిండు. ఊపిన చెయ్యిని ఎస్సై పట్టుకున్నడు.

"నాలుగైదు ఉన్నయట గద. ఎవలియి?"

"ఎవరివని చెప్పనండీ? పందికొక్కులవి అయ్యుంటాయి."

"పందికొక్కుల బొక్కలు గంత పెద్దగుంటయా?"

"మీకు తెలీదండీ. అడుగేస్తే మోకాలి దాకా దిగబడిపోద్ది."

బొక్కల మోకాలు ఎట్ల దిగవడతదో ఎస్సైకి పోలీసు ట్రైనింగుల చెప్పలే. టీం సంగతి మర్సిపోయి తనే పోయి సంచి లేపిండు. కింద నల్లగ, గుండ్రంగ, లోతుగ ఉన్నది. వంగి చూసిండు, చెయ్యి పెట్టి చూసిండు.

"ఇది పొక్క గద సార్."

"అదేనండీ. బొక్క."

ఎస్సై చొక్క చెయ్యి మలిసి, మోచేతి బొక్క మీద ఏలుతోని టకటక కొట్టి చూపిచ్చిండు. "బొక్కంటే గిది, మీ ఎముక. గది పొక్క."

మూడు వారాల సంది మటన్ దుకాణపాయన బొక్కలు గూడ ఎయ్యాల్నా సార్ అని ఎందుకడుగుతున్నడో సారుకు గప్పుడు సమజయింది. జనం ముఖాలు ఏలవడ్డయ్. ఖూనీ కోసమని పనులు ఇడిసిపెట్టి వచ్చిన్రు పాపం.

గప్పుడే హెల్మెట్ పెట్టుకున్న ఒకడు, దారిల బొక్కల ముచ్చట ఇని, బీదర్ నంబర్ బండి ఆపి, జనాన్ని తోసుకుంట ముంగటికొచ్చి, తాడుకాడ నిలవడ్డ ఆడమనిషిని ఎనుకనుంచి అడిగిండు.

"ఎవలి బొక్కలంట అక్కా?"

ఆమె తిరుగలే. గొంతు ఇన్నది, ముక్కు తుడుసుకున్నది.

"నీయే," అన్నది శ్యామల.

ఎస్సై హెల్మెట్ పీకితే, బీదర్ హోటల్ల ఆరేండ్ల సంది పూరీలు కాల్చుకుంట మంచిగ బలిసిన జగదీశ్ బయటపడ్డడు. శ్యామల వాని అంగీ కాలరు పట్టింది. వాడు ఎస్సైకి దండం పెట్టి, "సారూ, గా పొక్కలు పూడ్చేటప్పుడు నన్ను సుత అండ్లనే పూడ్చున్రి" అన్నడు.

మూడున్నరయింది. రుచిత ఫారం పట్టుకొని సారు కాడికి పోతే, సారు ముఖం చూడలే. తనను హంతకుణ్ణి చేసిన పిల్లకు సంతకమా, పోమ్మా అన్నడు. రుచితకు వరంగల్ బస్సుల కిటికీ పక్కన కూసున్నట్టు నందిని కనవడ్డది. కండ్లల్ల నీళ్లు దిగినయ్. శ్యామల చూసింది. ఒక చేత జగదీశ్ కాలరు ఇడవకుంట, వాన్ని గుంజుకుంటనే సారు ముంగటికొచ్చింది.

"పిల్లకు సంతకం పెట్టున్రి సారూ," అన్నది మెల్లగ.

సారు జగదీశ్ దిక్కు ఒక్కసారి చూసి, జెప్పన పెన్ను తీసిండు. సంతకం అయింది, ముద్ర పడ్డది. అడుగున ఇంకో గడి మిగిలింది, ఈ సందర్శన వల్ల సమాజానికి కలిగిన మేలు అని. సారు పెన్ను జరసేపు గాలిల ఆడి, తర్వాత గుండ్రటి అక్షరాలతోని రాసింది: "ఒక భర్త దొరికాడు."

దొరికినోని అభిప్రాయం రాయనీకి ఫారంల జాగ లేదు.