మా తాళానికి నా వేలంటే ప్రాణం

ఒక దేశం ఎంత అభివృద్ధి చెందిందో తెలుసుకోవాలంటే రోడ్లు చూడనక్కర్లేదు, రైళ్ళు చూడనక్కర్లేదు. అక్కడ ఇంటి యజమాని తన సొంత తలుపు ముందు ఎంతసేపు నిలబడాల్సి వస్తుందో చూడండి చాలు!

నవ్వకండి. ఈ సిద్ధాంతం నాది. దీన్ని నేను పడక్కుర్చీలో కూర్చుని కనిపెట్టలేదు. ఉత్త సాక్సులతో మెట్ల మీద నిలబడి కనిపెట్టాను. ఆ మెట్లు జర్మనీవి.

నా పేరు నరహరి. ఉండేది సూరత్‌లో. హజీరాలో ఒక ఫ్యాక్టరీ స్టోర్స్‌లో ఉద్యోగం. ఒకసారి వాల్వులు తనిఖీ చేసి రమ్మని కంపెనీ నన్ను జర్మనీ పంపింది. అద్దె గదిలో దిగిన మర్నాడే, చెత్త సంచీ బయట పెడదామని గడప దాటాను. వెనకాల తలుపు ‘టక్’మంది. అంతే! అక్కడి తలుపులకు తిరిగే పిడి లోపలివైపే ఉంటుంది. బయట ఉన్నది కదలని గుండు. దాన్ని పట్టుకుని వేలాడవచ్చు తప్ప తిప్పలేం. తాళంచెవి లోపల, కోటు లోపల, పాస్‌పోర్టు లోపల. బయట నేనూ, నా చెత్త సంచీ!

పై అంతస్తు ముసలావిడ నన్ను చూసింది. ఏమీ అడగలేదు. లోపలికెళ్ళి కుర్చీ తెచ్చి వేసింది. అంటే ఏమిటన్నమాట? అక్కడ ఇది మామూలే! ఇలాంటి వాళ్ళ కోసం కుర్చీ సిద్ధంగా పెట్టుకుంటారు! దేశమంటే ఇదీ అనుకున్నాను, చలికి పళ్ళు టకటకలాడుతుంటే.

మా ఆఫీసులో ధర్మారావుగారని ఉన్నారు. ఆయన జపాన్ వెళ్ళొచ్చారు. అక్కడ వీధి తలుపు బయటికి తెరుచుకుంటుందట. ఈయన పాపం తాళం తీసి, మన అలవాటు కొద్దీ భుజం ఆనించి లోపలికి నెట్టడం మొదలుపెట్టారు.

“ఎంత నెట్టినా కదల్లేదండీ. జపాన్ సరుకు కదా, గట్టిగానే ఉంటుంది అనుకున్నానండీ. చివరికి పక్కింటాయన వచ్చి, ఇలా వేలేసి లాగాడండీ!” అన్నారు.

చూశారా! తాళం తీశాక కూడా లోపలికి వెళ్ళలేకపోవడం! నా లెక్కన జర్మనీ కంటే జపాన్ ఒక మెట్టు పైనే ఉంది.

మరి మనం? సిగ్గుతో తల దించుకోవాలి.

పెళ్ళయిన కొత్తలో నేనూ మా ఆవిడ సుమనా సూరత్‌లోనే వడోద్ అనే పేటలో ఒక్క గదిలో ఉండేవాళ్ళం. చుట్టూ సిరిసిల్ల నుంచి వచ్చి మరమగ్గాల్లో పనిచేసే మనవాళ్ళే. పొద్దున తీసిన తలుపు పడుకోబోయే ముందు మూసేవాళ్ళం. తలుపుకు గొళ్ళెం ఉండేది, నా చొక్కా తగిలించుకోవడానికి. ఊరికి వెళ్ళేటప్పుడు మాత్రం ఇత్తడి తాళంకప్ప వేసేవాణ్ణి. దాన్ని పట్టుకుని బలంగా గుంజేవాణ్ణి. వీధి చివరిదాకా వెళ్ళి, అనుమానమొచ్చి వెనక్కి వచ్చి, మళ్ళీ గుంజేవాణ్ణి. అప్పుడు తాళంచెవి తీసుకెళ్ళి పక్కింట్లో ఇచ్చేవాణ్ణి! ఇక ఆ గుంజుడు దేనికో ఇప్పటికీ నాకు అర్థం కాదు.

ఇలాంటి దేశం ఎప్పుడు బాగుపడుతుంది చెప్పండి?

ఈ విషయంలో వీడియో గేములు చాలా ముందున్నాయి. మా అమ్మాయి ప్రసన్న కాలేజీ నుంచి రాగానే గేము ముందు కూర్చుంటుంది. నేను కూడా పక్కన కూర్చుంటాను, జ్ఞానం కోసం. ఆ గేముల్లో హీరో భుజాన రాకెట్ లాంచర్ ఉంటుంది. అప్పటికే రెండు ఊళ్ళు తగలబెట్టి వస్తాడు. అలాంటివాడు ఒక చెక్క తలుపు ముందుకు రాగానే ‘తాళం వేసి ఉంది’ అని చూపిస్తుంది. అంతే, బుద్ధిగా వెనక్కి తిరుగుతాడు!

“అదేంటమ్మా, ఓ తన్ను తంతే ఊడిపోదూ?” అన్నాను.

“అరే పప్పా, చావీ కావాలె. చావీ డ్రాగన్ దగ్గరుంది” అంది.

తలుపు తీయడానికి డ్రాగన్‌ను చంపాలి! తాళంచెవి ఒక్కసారి తిప్పగానే మాయమైపోతుంది. కొన్ని తలుపులకు తాళమే ఉండదు, అవి గోడ మీద బొమ్మలు. కొన్ని అవతలివైపు నుంచే తెరుచుకుంటాయి. ఇంకొన్నిటిని హెయిర్‌పిన్నుతో గెలికితే చాలు. భద్రత అంటే అదీ! మన ఇంటికి కూడా అలాంటిదొకటి రావాలని నాకు పట్టుదల పుట్టింది.

ఈమధ్యే మేం ఫ్లాటుకు మారాం. నేను వెంటనే వేలిముద్రతో తెరుచుకునే డిజిటల్ తాళం తెప్పించాను. వేలు పెట్టాలి, లేదా రహస్య నంబరు కొట్టాలి, లేదా నా ఫోన్లో యాప్ నొక్కాలి. అన్నీ చెడిపోతే అత్యవసర తాళంచెవి ఒకటుంది. దాన్ని ఎవరికీ దొరక్కుండా బీరువాలో పెట్టాను. ఆ బీరువా ఇంట్లోనే ఉంది. ఇప్పుడే నవ్వకండి, ముందు చాలా ఉంది.

కొత్త వస్తువు వస్తే పూజ చేయకుండా ఉంటామా? కొబ్బరికాయ కొట్టి, తాళానికి పసుపు రాసి కుంకుమ బొట్టు పెట్టాను. దాని నుదురు ఎక్కడో తెలియలేదు. వేలు పెట్టే అద్దం నున్నగా కనిపిస్తే అక్కడే పెట్టాను.

దాన్ని తుడిచి నా బొటనవేలు పెట్టగానే “వెల్‌కమ్ హోమ్” అంది ఆడగొంతుతో. పెళ్ళయ్యాక నన్నంత మర్యాదగా పలకరించిన ఆడగొంతు అదే! ప్రసన్న వేలికీ అదే అంది. సుమన వేలు పెడితే మాత్రం “ప్లీజ్ ట్రై అగైన్” అంది. మళ్ళీ పెడితే మళ్ళీ అదే. కుంకుమ అంటుకుందేమోనని గుడ్డతో తుడిచాం, స్పిరిట్‌తో తుడిచాం. ఎడమచేతి వేళ్ళూ పెట్టించాం. దేన్నీ ఒప్పుకోలేదు.

“గిదేం తాళమయ్యా, ఇంట్ల మనిషిని గుర్తువట్టది!” అంది సుమన.

“నువ్వు సరిగ్గా పెట్టడం లేదు. టెక్నాలజీ తప్పు చేయదు” అన్నాను.

సుమన ఏం పని చేస్తుందో మీకు చెప్పాలి. సలాబత్‌పురా మార్కెట్ నుంచి చీరలు వస్తాయి. వాటికి గమ్ముతో చంకీలూ స్టోన్లూ అతికించి పంపుతుంది. వడోద్‌లో నలుగురు ఆడవాళ్ళకు కూడా ఆ పని తనే ఇప్పిస్తుంది. ‘సుమనబెన్ మాల్ అంటే టైముకు టైమే’ అని మార్కెట్లో పేరు. ఆ పేరు మీదే ఆ అయిదుగురి పనీ నడుస్తోంది.

నంబరు చెప్పమని అడిగింది. నేను చెప్పలేదు! నంబరు నలుగురికీ తెలిస్తే ఇక వేలిముద్ర దేనికి? అసలే నేను వారానికోసారి దాన్ని మారుస్తాను. దాంతో సుమన తనకు తోచిన ఉపాయం కనిపెట్టింది. బయటికి వెళ్ళినప్పుడల్లా తలుపు సందులో ఒక హవాయి చెప్పు ఇరికించేది. ప్రపంచస్థాయి తాళం, దానికి అడ్డంగా అరిగిపోయిన చెప్పు! నా ఒళ్ళు మండిపోయేది.

ఆ రోజు నేను ఆఫీసులో ఉన్నాను. ‘తలుపు తెరిచి ఉంది’ అని ఫోన్లో అలారం మోగింది. వెంటనే సుమనకు ఫోన్ చేశాను.

“చెప్పు తీసెయ్!”

“మార్కెట్ల కెల్లి కమలాకర్ వస్తుండు, చీరలు దీస్కపోతందుకు. జర ఆగు.”

“ముందు చెప్పు తీసెయ్ అంటున్నానా!”

తీసేసింది. ఫోను సోఫా మీద పడేసి, కమలాకర్ వచ్చాడేమోనని మెట్ల దాకా వెళ్ళింది. వెనకాల ‘టక్’మంది. జర్మనీ మా ఇంటికి వచ్చేసింది!

చీరల మూటలు లోపల. సుమనా కమలాకరూ బయట. వేలు పనిచేసే ప్రసన్న ఆ రోజు కాలేజీ నుంచి ఆలస్యంగా వస్తుంది. కమలాకర్ తన ఫోను నుంచి నాకు చేశాడు. తెలియని నంబరు! ఎత్తుతానా? సైబర్ మోసాల గురించి ఆఫీసులో అందరికీ పాఠాలు చెప్పేవాణ్ణి నేనే. వరసగా చేశాడు. ఎంత పట్టుదల గల దొంగో అనుకుని బ్లాక్ చేశాను.

చివరికి ఎదురింటి నైనాబెన్ తన ఫోను నుంచి చేసింది. “నరహరిభాయ్, దర్వాజా ఖోలో నే!” అని అరిచింది. యాప్ తీద్దును కదా, పొద్దుట్నుంచీ అలారం మోగేదాకా తాళంలో ఉన్న కెమెరాలో నా తలుపునే చూస్తూ కూర్చున్నాను, బ్యాటరీ అడుగంటింది. నంబరు చెప్పాను. అది పోయిన వారం నంబరు. ఇంకోటి చెప్పాను. అది మా ఏటీఎం నంబరు, స్పీకర్ ఆన్‌లో ఉందిట! అన్ని తప్పులు కొట్టేసరికి తాళం అలిగి అరగంట పాటు నోరు మూసుకుంది. నా ఫోను పూర్తిగా మూసుకుంది, చార్జరు కూడా ఇంట్లోనే ఉంది.

కమలాకర్ చూసి చూసి లేచాడు. “సుమనబెన్, సేఠ్‌కు ఏం చెప్పాలె? తాళం తెర్సుకుంటలేదని చెప్తే నవ్వుతడు. పెండ్లి ఆర్డరిది” అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం కంపెనీ బస్సు దిగి మెట్లెక్కాను. పై మెట్టు మీద సుమన కూర్చుని ఉంది. పక్కన నైనాబెన్, మరో ఇద్దరు ఆడవాళ్ళు. నేను బొటనవేలు పెట్టాను. “వెల్‌కమ్ హోమ్” అంది తాళం, తియ్యగా. ఆ క్షణంలో దాని గొంతు నొక్కేద్దామనిపించింది.

సుమన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. “నా పేరు వోయింది” అంది. అంతే.

ఫోను చార్జింగులో పెట్టి, తాళం కంపెనీవాడి మీద విరుచుకుపడ్డాను. మా ఆవిడ వేలిని మీ తాళం ఎందుకు గుర్తించదు? అతను శాంతంగా ఆవిడేం పని చేస్తుందని అడిగాడు. చెప్పాను. చిన్నప్పుడు మగ్గాల దగ్గర కండెలు చుట్టేదనీ, పెళ్ళయ్యాక ఈ స్టోన్ల పని అనీ.

“అయితే వేళ్ళ మీద గీతలు అరిగిపోయి ఉంటాయి సర్. చేతిపని చేసేవాళ్ళతో ఇదే ఇబ్బంది” అని హిందీలో చెప్పి, ఒక సలహా ఇచ్చాడు. “ఘర్ మే జో సబ్‌సే కమ్ కామ్ కర్తా హై, ఉస్‌కీ ఉంగ్లీ డాలియే.”

ఇంట్లో అందరికంటే తక్కువ పని చేసేవాడి వేలు పెట్టమంటున్నాడు! స్పీకర్ ఆన్‌లో ఉంది. ప్రసన్న నా వైపు చూసింది. సుమన కూడా చూసింది. నేను నా బొటనవేలు వైపు చూసుకున్నాను. దాని మీద గీతలు గీసినంత చక్కగా ఉన్నాయి.

మర్నాడు కమలాకర్ మళ్ళీ వచ్చాడు. పూర్తయిన చీరలు తీసుకుని, కొత్త మూటలు దించాడు. “సేఠ్ ఆఖరి చాన్సు ఇచ్చిండు. ఐతారం పొద్దుగాల మాల్ షాపుకు జేరకపోతే, మీ అయిదుగురి పని వేరేటోళ్ళకు వోతది” అన్నాడు.

ఆఫీసుకు సెలవు పెట్టి నేనూ కూర్చున్నాను. స్టోను పెట్టాలి, బొటనవేలితో అదమాలి, అంటుకున్న గమ్ము గోకాలి, మళ్ళీ పెట్టాలి. మొదటి చీర అయ్యేసరికి నడుము పట్టేసింది. సుమన నా పని చూసి, “నెమలి గీయమంటే కోడిని గీసినవ్” అని పీకి మళ్ళీ అతికించింది. ప్రసన్న గేము మానేసి కూర్చుంది. ఆదివారం పొద్దున ముగ్గురం ఆటోలో మూటలు వేసుకుని సలాబత్‌పురా వెళ్ళాం. సేఠ్ చీరలన్నీ తిప్పి తిప్పి చూసి, కోడిపిల్ల ఒకటి మిగిలిపోయినా ఏమీ అనకుండా, తర్వాతి మూట కట్టించాడు. సుమన ముఖంలో అప్పుడు నవ్వొచ్చింది.

ఇంటికొచ్చి ధీమాగా బొటనవేలు పెట్టాను.

“ప్లీజ్ ట్రై అగైన్.”

ప్రసన్న పెట్టింది. దానికీ అంతే. సుమన మెట్ల మీద కూలబడి, కళ్ళ నీళ్ళొచ్చేదాకా నవ్వింది. “ఇగ ఇప్పుడు నువ్వు మా ఇంటోనివైనవ్!” అంది. ఈసారి అత్యవసర తాళంచెవి నైనాబెన్ ఇంట్లో ఉంది, సుమన ముందే ఇచ్చి పెట్టింది. ఆఫీసులో ఒకసారి అవార్డు ఇచ్చి శాలువా కప్పినప్పుడు కూడా నేనంత గర్వపడలేదు.

కానీ పాఠకుల దగ్గర దాచడం దేనికి? వారం తిరక్కుండానే గమ్ము ఊడిపోయింది, గీతలు మళ్ళీ మొలిచాయి. మొన్న వేలు అలా తగిలిందో లేదో, తాళం “వెల్‌కమ్ హోమ్” అని ఎగిరి గంతేసింది. సుమన వేళ్ళను మాత్రం ఇంకా గుర్తుపట్టదు. ఇక పట్టదు కూడా. నాకు చచ్చేంత సిగ్గేసింది.

అందుకని నిన్న తాళం జోలికి పోకుండా బెల్లు నొక్కాను. సుమన వచ్చి తీసింది.

“ఏంది, నిన్ను గూడ గుర్తువడతలేదా?”

“లేదు” అన్నాను, బొటనవేలు పిడికిట్లో దాచుకుంటూ.

సుమన ఆ పిడికిలిని చూసింది. నా ముఖాన్ని చూసింది.

“అట్లయితే కూసో. ఇంకా ఆరు చీరలున్నయ్” అని గమ్ము సీసా నా చేతికిచ్చింది.