పసుపు జెండాల గృహప్రవేశం

శనివారం పదకొండింటికి గృహప్రవేశం, పన్నెండున్నరకి భోజనాలు. శశికాంత్ ప్లాన్ అంతే. చిక్కల్లా అల్ఫారెట్టాలోని ఆ కొత్త కమ్యూనిటీతోనే. అరవై ఇళ్లూ అచ్చుగుద్దినట్టు ఒకేలా ఉంటాయి. ఆ వీధి పుట్టిన సంగతి జీపీఎస్‌కి ఇంకా తెలియదు.

"పాత పసుపు చీర ఒకటుంది. చింపి మలుపు మలుపుకీ జెండాలు కట్టండి. శుభానికి శుభం, దారికి దారి," అంది భార్య చంద్రిక.

ఏడింటికల్లా శశికాంత్ వీధి మొదటి నుంచి గుమ్మం దాకా తొమ్మిది జెండాలు పాతాడు. ఫోటో తీసి, "ఈ జెండాల వెంట వచ్చేయండి" అని రాసి, దండం పెట్టే బొమ్మ తగిలించి ఫేస్‌బుక్‌లో పెట్టాడు. గృహప్రవేశమని రాయలేదు. పిలిచినవాళ్లకి తెలుసు, పిలవనివాళ్లు పసుపు రంగు చూసి తెలుసుకోరా ఏమిటి? మనవాళ్ల ధీమా అలాంటిది.

మొదటి కామెంటు మేనేజర్ వులాన్‌ది. ఆవిడది ఇండోనేషియా, పుట్టి పెరిగింది జకార్తాలో. "దేవుడు మీ కుటుంబానికి ధైర్యాన్నివ్వాలి" అని రాసి మూడు ఏడుపు ముఖాలు పెట్టింది. అవి ఆనందబాష్పాలనుకున్నాడు శశికాంత్. ఆవిణ్ణి పిలవలేదే అని నొచ్చుకుని, "థాంక్యూ! తప్పకుండా రండి, భోంచేసి వెళ్లండి" అని నవ్వుముఖంతో జవాబిచ్చాడు.

తొమ్మిదింటికి రఘు ఫోన్ చేశాడు. ఒకే టీమ్, ఒకే ప్రమోషన్ మీద ఇద్దరి కన్నూ. అందుకే అతన్ని గృహప్రవేశానికి పిలవలేదు.

"అన్నా, నువ్వేం వర్రీ కాకు. మండే డెమో నేను చూస్కుంటా."

"నా డెమో నువ్వు చూస్కునుడేంది?"

"ఇలాంటి టైంలో కూడా డెమోనేనా అన్నా! గట్టిగ ఉండు," అని రఘు ఫోన్ పెట్టేశాడు.

శశికాంత్ లాప్‌టాప్ దగ్గరికి పరుగెత్తాడు. ఆ డెమో ఎనిమిది నెలల కష్టం. వైస్ ప్రెసిడెంట్‌కి నచ్చితే గ్రీన్‌కార్డ్ ఫైల్ చేస్తామన్నారు. హెచ్‌వన్ వీసా గడువు ముంచుకొస్తోంది. మెయిల్ తెరిస్తే వులాన్ మంజూరు చేసిన రెండు వారాల సెలవు కనిపించింది. కారణం రాయలేదు.

"చంద్రికా, నా ఉద్యోగం పీకేస్తున్నారే!"

"ఇవాళా? ఈ ముహూర్తానికా?" అని ఆవిడ పాలగిన్నె ముందే కూలబడింది.

సరిగ్గా పాలు పొంగుతుండగా వులాన్ నల్ల దుస్తుల్లో, చేతిలో తెల్ల పూలతో వచ్చింది. వెనక నల్ల దుస్తుల్లోనే ఆఫీసువాళ్లు ఆరుగురు. గుమ్మంలోనే చంద్రికను పట్టుకుని ఏడ్చేసింది. చంద్రికకీ దుఃఖం ఆగలేదు.

"మీ చేతుల్లో మాత్రం ఏముంది లెండి," అంది ముక్కు తుడుచుకుంటూ.

"ఎవరి చేతుల్లోనూ ఏమీ ఉండదమ్మా," అంది వులాన్.

పులిహోర తింటున్న కూతురు భవిత లేచి వచ్చింది. కాలేజీలో ఇండోనేషియా సాహిత్యం క్లాసు తీసుకుంది. దానివల్ల ఉద్యోగం రాదని తండ్రి ఏడాదిగా సణుగుతున్నాడు.

"డాడీ, మేము ఒక స్టోరీ చదివాం. ఫస్ట్ లైన్‌లో వీధి చివర యెల్లో ఫ్లాగ్ ఉంటది, అంతే. ఎవరో పోయారని ఎక్కడా చెప్పరు. వాళ్లకి చెప్పక్కర్లేదు. జకార్తాలో ఎవరైనా చనిపోతే, ఇంటికి దారి తెలియాలని యెల్లో ఫ్లాగ్స్ కడతారు!"

అందరూ గుమ్మం బయటి జెండా వైపు తిరిగి చూశారు.

"అయితే ఎవరూ పోలేదా?" అంది వులాన్.

"పాలు పొంగాయండీ, అంతే," అంది చంద్రిక.

"ఒకటి కాదు, తొమ్మిది జెండాలు! ఇంటిల్లిపాదీ పోయారేమో అనుకున్నాను," అని ఆవిడ పడీపడీ నవ్వి, రెండుసార్లు పులిహోర వేయించుకుంది. కానీ డెమో మాత్రం తిరిగి ఇవ్వలేకపోయింది. శశికాంత్ ఇంట్లో ఎవరో పోయారని, డెమో రఘు చేస్తాడని వైస్ ప్రెసిడెంట్‌కి అప్పటికే చెప్పేసింది. పైగా సెలవు రద్దు చేయాల్సిన హెచ్ఆర్ సోమవారం తొమ్మిదింటికి గానీ తెరవరు. డెమో ఎనిమిదింటికి.

సోమవారం ఎనిమిదీ పదికి మూడో స్క్రీన్ దగ్గర డెమో కొయ్యబారిపోయింది. రఘు నొక్కని బటన్ లేదు.

"దీన్ని నడపడం శశికాంత్ ఒక్కడికే తెలుసా?" అన్నాడు వైస్ ప్రెసిడెంట్. "మరి అతని గ్రీన్‌కార్డ్ ఇంకా ఎందుకు ఫైల్ చేయలేదు? ఇవాళే చేయండి. ఫోన్ మాత్రం చేయకండి, పాపం దుఃఖంలో ఉన్నాడు."

వులాన్ మెసేజ్‌లో ఆ కబురు చూసి శశికాంత్ వంటింట్లోనే చంద్రికను ఎత్తుకుని తిప్పాడు. మర్యాదగా ఆ మధ్యాహ్నమే సెలవు రద్దు చేయమని హెచ్ఆర్‌కి రాశాడు. పోయినవాళ్లు పోలేదని రుజువు పత్రం జతచేయమన్నారు. అతను రెండు వారాలూ ఇంట్లోనే ఉండి, అన్ని గదులకీ కర్టెన్లు బిగించుకున్నాడు.