సూర్యకాంతమ్మ గారి బియ్యం డబ్బా

నర్సు అన్నాక ఉద్యోగం మారుతుంది, ఊరు మారుతుంది, పెళ్ళైతే ఇంటిపేరు కూడా మారుతుంది. చదువుకునే రోజుల్లో అద్దెకున్న ఇల్లు మాత్రం ఎన్నటికీ మారదని ప్రభుత్వం ఏనాడో తేల్చేసింది. అందుకే ఐదేళ్ళకోసారి రిజిస్ట్రేషన్ రెన్యువల్ దరఖాస్తు ఫారం ఆ ఇంటికే, రిజిస్టర్డ్ పోస్టులో వెళ్తుంది. (జిరాక్స్ చెల్లదు. పక్కవాళ్ళ దరఖాస్తు అసలే చెల్లదు.)

స్టెఫీ గాజువాకలో కాపురం పెట్టి ఎనిమిదేళ్ళయింది. ఆమె దరఖాస్తు మాత్రం ద్వారకా నగర్‌లో ఒకప్పుడు అద్దెకున్న గదికి వెళ్ళింది. నెలాఖరులోగా రెన్యువల్ కాకపోతే ఒకటో తారీఖు నుంచి డ్యూటీకి రావద్దని ఆసుపత్రివాళ్ళు మర్యాదగానే చెప్పారు. ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. భయపడి నర్సింగ్ కౌన్సిల్‌కి ఫోన్ చేస్తే, శాశ్వత చిరునామాల విభాగం సూపరింటెండెంట్ త్రినాథరావు గారు ధైర్యం చెప్పారు.

"అడ్రసు మార్చుకోడానికి వేరే ఫారం ఉందమ్మా. ఇవాళే పంపించేస్తాం."

"ఎక్కడికండీ?"

"మీ పాత అడ్రసుకే."

ఆ గది సూర్యకాంతమ్మ గారిది. అక్కడ అద్దెకుండి వెళ్ళిన ఇరవై ముగ్గురు నర్సుల కవర్లూ ఆవిడే సంతకం పెట్టి తీసుకుని, బియ్యం డబ్బాలో దాస్తారు. (ఎవరి కవరు వాళ్ళ చేతికే ఇవ్వాలని నిబంధన. పోస్ట్‌మేన్ లెక్కలో ఆవిడే అడ్రసు.) కవరు కావాలంటే ముందు ఆవిడ బీపీ చూడాలి. ఇది ప్రభుత్వం పెట్టిన పరీక్ష కాదు. ప్రభుత్వం ఏ పరీక్షా పెట్టదు.

స్టెఫీ అక్కడికెళ్ళి, ఆవిడ చేతికి పట్టీ చుట్టి చూసింది. నూటతొంభై బై నూటపది. ఎక్కువుందంటే ఆవిడకి ఒళ్ళుమండుతుందని పాత అద్దెవాళ్ళందరికీ తెలుసు.

"ఏటి, బాగానే ఉందా?"

నిజం చెప్పాలంటే, 'బాగుంది' అన్న మాట స్టెఫీ నాలుక చివరిదాకా వచ్చింది.

"బాలేదు మామ్మగారూ. మాత్రలు మానీసారా? లెగండి, ఆసుపత్రికెళ్దాం. కవరు సంగతి తరవాత."

సూర్యకాంతమ్మ గారు డబ్బా మూత తీశారు.

"నీ ముందు ఇద్దరొచ్చారు. ఇద్దరూ బాగుందనే సెప్పేరు. ఆల కవర్లు నానివ్వనేదు. నువ్వు నర్సువే. ఇదుగో, అట్టుకెళ్ళు."

డాక్టరు ఆవిడని చూస్తుండగా, బయట బెంచీ మీద స్టెఫీ దరఖాస్తు తెరిచింది. ఎనిమిది పేజీలు. రోగి ఊసు ఒక్కచోటా లేదు. చివరి గడిలో మాత్రం, 'పై చిరునామాలోనే నివసిస్తున్నారా? లేనిచో ఈ దరఖాస్తు చెల్లదు' అని ఉంది.

స్టెఫీ 'అవును' అని రాసింది. కింద, 'పైన తెలిపినదంతా నిజమని ప్రమాణం చేస్తున్నాను' అన్నచోట సంతకం పెట్టింది. ఆమె నర్సేనని ప్రభుత్వం మరో ఐదేళ్ళకు ఒప్పుకుంది.