చేప తిని పాలు తాగని పిల్ల

మానవజాతి మూడు రకాలని షుబ్రా పేటలోని ‘బంగారు పిచ్చుక’ నర్సరీ ఆహార వ్యవహారాల శాఖ నిర్ణయించింది. (మాంసం తినేవాళ్లు మామూలు మనుషులు కనుక వాళ్లను రకాల్లో లెక్కపెట్టలేదు.) మొదటి రకం పూర్తి శాకాహారులు. వీళ్లు జంతువునీ తినరు, జంతువు ఇచ్చిందీ తినరు. పాలు, గుడ్డు, చివరికి తేనె కూడా ముట్టరు. రెండో రకం మామూలు శాకాహారులు. జంతువు జోలికి పోరు గానీ, అది ఇచ్చిన పాలనీ గుడ్డునీ కాదనరు. మూడో రకం చేపాహారులు. నేల మీద నడిచేవాటన్నిటినీ క్షమించి, నీళ్లలో ఈదేవాటిని మాత్రం క్షమించలేకపోయినవాళ్లు. పాలూ గుడ్డూ వీళ్లకూ ఉంటాయి. అంతా మెట్ల వరస: మొదటి మెట్టు మీద పప్పు, రెండో దాని మీద పాలు, మూడో దాని మీద చేప. రెండోది తొక్కకుండా మూడోది ఎక్కితే శాఖ దృష్టిలో అది గోడ దూకడం.

దిమ్యానా కూతురు యూస్తీనా, నాలుగేళ్ల పిల్ల, ఆ గోడ దూకింది.

ఆ పిల్లకు పాలు పడవు. చెంచాడు లోపలికి పోయినా పెదాలు ఉబ్బి, ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. ఒళ్లు చూస్తే పుల్ల. మాంసం, కోడి, గుడ్డు ఏది పెట్టినా ఊసేస్తుంది. ముళ్లు తీసి చేప పెడితే మాత్రం ఇంకా అంటుంది. “ఆ చేప ఒక్కటీ మానిపించకమ్మా” అని డాక్టరు మరీమరీ చెప్పాడు. దిమ్యానా కుట్టు వర్క్‌షాపులో మిషను తొక్కకపోతే ఇల్లు గడవదు కాబట్టి నర్సరీ తప్పదు. ఇంటి నుంచి డబ్బా పంపుదామంటే నిషేధం. (ఒకరి డబ్బా చూసి ఇంకొకరి మనసు నొచ్చుకుంటుంది.) నర్సరీ యాప్‌లో ‘అలర్జీ’ అని ఒక గడి ఉంటే ఆశగా నొక్కింది. “మీ విన్నపాన్ని ఆరోగ్య సంఘం ముందు ఉంచుతాం. సంఘం ఏడాదికోసారి సమావేశమవుతుంది. నిన్ననే సమావేశమైంది” అని జవాబు వచ్చింది.

నర్సరీలో రకానికో భోజనాల బల్ల. దిమ్యానా పిల్లను మొదటి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. రోజూ ఉడకబెట్టిన ఫూల్ చిక్కుడు గింజలే. పిల్ల ఇంకా చిక్కిపోయింది. మూడో బల్లకు మార్చింది. మొదటి రోజే చేప వచ్చింది, మెడ దాకా పాల సాస్ కప్పుకుని. వర్క్‌షాపులో ఫోన్ మోగగానే దిమ్యానా సూది బట్టలోనే వదిలేసి పరిగెత్తింది.

దద్దుర్లు తగ్గిన మర్నాడు ఆహార వ్యవహారాల పర్యవేక్షకురాలు మేడం ఇంజీ ముందు నిలబడింది.

“పిల్ల చేప తింటుంది మేడం. పాలే తాగదు.”

“అయితే చేపాహారి.”

“అవును... కాదు మేడం. పాలు వద్దు.”

“పాలు వద్దంటే పూర్తి శాకాహారి.”

“చేప కావాలి మేడం.”

మేడం ఇంజీ కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది. “చూడు యూస్తీనా వాళ్లమ్మా. ఆవు దగ్గర పాలు తీసుకోవడానికే మనసొప్పని పిల్లకి, చేప పీక కొయ్యడానికి ఎలా ఒప్పుతుంది? ఇది గోడ దూకడం కాదూ?”

“దాని మనసుకేం కాలేదు మేడం. పెదాలు ఉబ్బుతున్నాయి.”

“పెదాలు ఆరోగ్య సంఘం కిందికి వస్తాయి. నా కిందికి మనసొక్కటే వస్తుంది.”

దిమ్యానా చదువు ఏడో తరగతిలో ఆగిపోయింది. పెద్ద పెద్ద మాటలు ఆమెకు రావు. చివరికి తనకు తెలిసిన మాటే అనేసింది. “సియామీ మేడం, ఉపవాసపు తిండి! క్రిస్మస్ ముందు ఉపవాసాల్లో మేమందరం తినేది అదే కదా. పాలుండవు, గుడ్లుండవు, చేప ఉంటుంది. షుబ్రాలో సగం మంది ఇప్పుడు గోడ దూకేవాళ్లే!”

“ఆ మాట ముందే ఏడవొచ్చుగా!” అంది మేడం ఇంజీ, కళ్లజోడు మళ్లీ పెట్టుకుంటూ. వీధి చివరి బేకరీలో కూడా సియామీ బిస్కెట్లకు వేరే అర ఉంటుంది. బేకరీకి ఉన్నది శాఖకు లేకపోవడమేమిటి?

వారం తిరక్కుండా నాలుగో బల్ల వెలిసింది. ఊదారంగు గుడ్డ పరిచారు. యాప్‌ను చర్చి పంచాంగానికి తగిలించారు. (తగిలించిన ఇంజనీరుకు శాలువా కప్పారు.) బుధవారం చేప ఉండదు, ఫూల్ ఉంటుంది. తక్కిన రోజుల్లో వేయించిన బుల్తీ చేప. నెల గడిచేసరికి పిల్ల బుగ్గలు తేరుకున్నాయి.

“ఉపవాసం ఉండి లావెక్కినదాన్ని నా జన్మలో ఇదే చూడ్డం,” అంది అత్తగారు, మనవరాలి బుగ్గ గిల్లి. “మఠంలో సన్యాసినులకి చెప్పకే అమ్మాయ్, క్యూ కడతారు.”

దిమ్యానా నవ్వింది. మిషను దగ్గర ఫోన్ మోగినా సూది వదిలి పరిగెత్తడం మానేసింది.

పండగ ముందురోజు మధ్యాహ్నం ఫోన్ మోగింది. “శుభాకాంక్షలు! మీ అమ్మాయి ఉపవాసం దిగ్విజయంగా ముగిసింది. సెలవు తర్వాత మొదటి రోజు ప్రత్యేక విందు: పాలన్నం. ఆనందించేవాళ్లకు రెండోసారి కూడా.”

దిమ్యానా నర్సరీ గేటు మూసేలోపు వెళ్లి పడింది.

“పండగొచ్చిందిగా?” అంది మేడం ఇంజీ.

“అందరికీ వచ్చింది మేడం. దాని కడుపుకి రాలేదు.”

“అయితే రాలేదని చర్చి నుంచి ఉత్తరం పట్టుకురా.”

అబూనా మత్యాస్ చర్చి వాకిట్లో పండగ పనుల మీద ఉన్నాడు. పాదిరీ అయినా నవ్వాపుకోలేని మనిషి. మొత్తం విని గడ్డం పట్టుకున్నాడు.

“తల్లీ, పుట్టిన ప్రభువును పుట్టలేదని ఎలా రాయమంటావు?”

“అందరికీ కాదు అబూనా. నర్సరీ వరకే.”

ఆయన నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత పిల్ల పెదాల సంగతి అడిగి నవ్వు ఆపేశాడు. “చంటిపిల్ల ఉపవాసమే ఉండక్కర్లేదని రాసిస్తా. ముద్ర వేసి మరీ ఇస్తా, సరేనా?”

“అయ్యో వద్దు అబూనా! అది చూస్తే పాలు బకెట్‌తో పోస్తారు!”

సెలవుల్లో దిమ్యానా కేకు ముక్క కూడా సరిగ్గా తినలేదు. నర్సరీ తెరిచే ముందురోజు మేడం ఇంజీయే జాలిపడి ఫోన్ చేసింది. నిబంధనల్లో ఒక దారి ఉందట. పండగలతో పనిలేకుండా సాగే ఉపవాసం ఒక్కటే, ప్రాయశ్చిత్త ఉపవాసం. యాప్‌లో దరఖాస్తు పెడితే చాలు.

దిమ్యానా మెట్ల మీద కూర్చుని, పిల్లను ఒళ్లో పెట్టుకుని దరఖాస్తు తెరిచింది. పేరు నింపింది. వయసు నింపింది. తర్వాతి గడి: చేసిన పాపం. తప్పనిసరిగా నింపవలెను. హత్య, దొంగతనం, అబద్ధం, ఇతరం.

“నువ్వేం తప్పు చేశావే బంగారం?”

యూస్తీనా వేళ్ల మీద లెక్కపెట్టుకుంది. “చెప్పులతో మంచం ఎక్కా.”

దిమ్యానా ‘ఇతరం’ నొక్కింది. కన్నబిడ్డ మీద లేని పాపం రాయడానికి చెయ్యి రాలేదు. ఇన్నాళ్లకు శాఖ తనంతట తాను ఒక ప్రశ్న అడిగింది కనుక, జరిగిందే రాస్తే ఎవరో ఒకరు చదువుతారనిపించింది. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ రాసింది: “ఒకసారి పాలు తాగింది.”

జవాబు వెంటనే వచ్చింది.

“మీ నిజాయితీని శాఖ అభినందిస్తోంది. ఉపవాసంలో పాలు తాగడం తీవ్రమైన తప్పు కనుక మీ అమ్మాయికి రేపటి నుంచి చేప రద్దు చేసి ఫూల్ కేటాయించడమైనది. సత్ప్రవర్తన కనబరిస్తే ఏడాది చివర వేదిక మీద పాలన్నంతో సత్కరిస్తాం.”